పాత కాస్ట్యూమ్ డాల్స్ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? ముందు బట్ట చూడండి

మీరు మూడు బొమ్మల గురించి అడిగారు. ఒకటి గాజుపెట్టెలో ఉన్న జపాన్ కిమోనో బొమ్మ, అమ్మేవాళ్లు ‘వందేళ్ల నాటిది’ అని రాశారు. రెండోది పట్టుబట్టల్లో ఉన్న పెళ్లిజంట, ‘శంకర్స్ మ్యూజియం బొమ్మలు’ అంటున్నారు. మూడోది చీర కట్టిన బార్బీ, వీపు కింద 1966 అని ఉందట. మీది అమలాపురం అనీ, అమ్మగారి రోజుల నుంచీ సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారనీ, ఇవి మన తేమకి తట్టుకుంటాయా, ఎలా శుభ్రం చేయాలి, మూడింట్లో ఏది తీసుకోవచ్చు అనీ అడిగారు. నేను పాలకొల్లులో ఉంటాను. చాలా ఏళ్లుగా ఇలాంటి బొమ్మలే సేకరిస్తున్నాను. అందుకే మన గాలికీ, మన ఇళ్లకీ పనికొచ్చేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

కాస్ట్యూమ్ డాల్ అంటే ఒక ప్రాంతపు వేషధారణ చూపించడానికి చేసిన బొమ్మ, దాని విలువలో ఎక్కువ భాగం బట్టలోనే ఉంటుంది. చెయ్యి ఊడితే అతికించుకోవచ్చు, లోపలి ఎలాస్టిక్ తెగితే కొత్తది వేసుకోవచ్చు. కానీ తయారుచేసిన రోజున ఆ బొమ్మకి కట్టిన చీర, కుట్టిన రవిక, పెట్టిన నగ పోతే ఇక అది ఆ బొమ్మ కాదు. చాలామంది ముఖం బాగుందా లేదా అని చూసి డబ్బు పంపేస్తారు. బొమ్మ వచ్చాక చీర మాసిందని విప్పి ఉతుకుతారు, లేదా కొత్త పట్టుముక్క కట్టేస్తారు. ఆ రెండు పనులూ చేయకపోతే మీరు సగం గెలిచినట్టే.

ముందు పెళ్లిజంట సంగతి చూద్దాం, మూడింట్లో నాకు ఆసక్తి కలిగించింది అదే. ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని నెహ్రూ హౌస్‌లో శంకర్స్ అంతర్జాతీయ బొమ్మల మ్యూజియం ఉంది. కార్టూనిస్టు శంకర్ పిళ్లై 1965లో దాన్ని స్థాపించారు. మ్యూజియానికి సొంత తయారీ కేంద్రం ఉంది. అక్కడ మన దేశంలోని ఒక్కో ప్రాంతపు మనిషి రూపురేఖలు, కట్టు, నగలు పరిశీలించి బొమ్మలు చేస్తారు. 1980లో పోలండ్‌లోని క్రాకోవ్‌లో జరిగిన బొమ్మల పోటీ ప్రదర్శనలో ఆ బొమ్మలకి మొదటి బహుమతి వచ్చింది. అంత పేరున్న చోటు కాబట్టే, బట్టతో చేసిన ఏ పాత భారతీయ బొమ్మ కనబడినా ఆ పేరు తగిలించి అమ్మేవాళ్లున్నారు. ఎంపోరియంలలో, పర్యాటక ప్రాంతాల దుకాణాల్లో అమ్మిన పెళ్లిజంటలు దేశమంతా ఇళ్లల్లో ఉన్నాయి. అవీ మంచివే, కొనదగినవే, కానీ వాటి ధర వేరు. పీఠం అడుగున చీటీ గానీ, పాత బిల్లు గానీ చూపించమనండి. ఏదీ లేకపోతే దాన్ని పేరులేని పెళ్లిజంటగానే లెక్కగట్టి బేరమాడండి.

ఇప్పుడు ఆ చీరని దగ్గర నుంచి చూడాలి. ‘కుచ్చిళ్లు కాస్త విడదీసి, లోపలి మడత కనబడేలా పగటి వెలుతురులో ఫోటో తియ్యండి’ అని అడగండి. అసలు కట్టు అయితే మడత లోపల రంగు ముదురుగా, కొత్తగా ఉంటుంది, బయట వెలిసి ఉంటుంది. రెండింటి మధ్య గీత గీసినట్టు తేడా కనబడుతుంది. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉండి వెలుతురు తగిలిన బట్టకే ఆ గీత వస్తుంది. శరీరం పాతదై ఉండి, చీర లోపలా బయటా ఒకే రంగులో ఉంటే, ఆ చీర తర్వాత ఎవరో కట్టిందే అని నేను అనుకుంటాను. తర్వాత గుండుసూదులు చూడండి. పాత బొమ్మల్లో పమిటని భుజం దగ్గర సూదితో గుచ్చేవాళ్లు. ఆ సూది తుప్పు పట్టి, దాని చుట్టూ బట్ట మీద గోధుమరంగు మచ్చ ఉంటే, కట్టు ఎప్పటినుంచో అలాగే ఉందనడానికి అదొక ఆధారం. మచ్చ ఒకచోట, సూది మరోచోట ఉంటే విప్పి మళ్లీ కట్టారన్నమాట.

అంచు కొలత కూడా చాలా చెబుతుంది. శ్రద్ధగా చేసిన బొమ్మకి, బొమ్మ ఎత్తుకి తగ్గ సన్నంచు బట్ట వెతికి కడతారు. పైపైన చేసినదానికి పెద్ద చీరలోంచి ముక్క కోసి చుట్టేస్తారు, అంచు మీది మామిడిపిందె బొమ్మ ముఖమంత ఉంటుంది. జరీ నల్లబడిందని దిగులుపడకండి. వెండి, రాగి కలిసిన పాత జరీ నల్లబడుతుంది, ఒక్కోసారి చిలుము పట్టి పచ్చగా అవుతుంది. అరవై ఏళ్ల నాటిదని చెబుతున్న చీరలో జరీ నిన్న కొన్నట్టు తళతళలాడుతుంటే నాకు అప్పుడే అనుమానం వస్తుంది. రవిక వెనక వెల్క్రో ఉన్నా అంతే. ఆ కాలపు కుట్టుకి హుక్సో, టిచ్ బటన్లో, లేకపోతే నేరుగా వేసిన దారం కుట్లో ఉండాలి.

ఏ ప్రాంతపు జంటో కూడా సరిచూడండి. మీకు పంపిన ఫోటోలో వరుడి తలమీద తెల్లగా, కోసుగా ఉన్న టోపీ లాంటిది ఉందన్నారు. అది బెంగాలీ పెళ్లికొడుకు పెట్టుకునే టోపర్ అయి ఉంటుంది. ‘ఆంధ్రా పెళ్లిజంట’ అని రాసినంత మాత్రాన అయిపోదు. మన జంటకైతే బాసికం, ఎర్రంచు మధుపర్కాలు, పూలజడ ఉండాలి. టోపర్‌ని మన బాసికాలకి వాడే బెండు లాంటి దానితోనే చేస్తారు. కాబట్టి అది ఎంత సున్నితమో మీకు చెప్పక్కర్లేదు, వేలితో నొక్కితే సొట్టపోతుంది, పురుగు తింటుంది. పార్సిల్లో ముందు దెబ్బతినేది అదే. విడిగా వస్తే తీసి చిన్న డబ్బాలో పెట్టి పంపమనండి. ఇక మణిపురి రాసలీల బొమ్మల్లో గుండ్రంగా, గట్టిగా నిలబడే లంగా ఉంటుంది, పోత్లోయ్ అంటారు. అది నలిగితే మళ్లీ ఆ ఆకారానికి తేవడం చాలా కష్టం.

జపాన్ బొమ్మ విషయంలో నా సలహా, వదిలేయండి. మీరు పంపిన వివరం ప్రకారం తెల్లటి ముఖం మీద గోధుమరంగు చుక్కలున్నాయి. సంప్రదాయ పద్ధతిలో చేసిన జపాన్ బొమ్మల ముఖానికి గోఫున్ అనే పూత వేస్తారు, ఆల్చిప్పల పొడిని జంతువుల జిగురుతో కలిపి చేసేది. నీళ్లు తగిలితే కరుగుతుంది. తడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే కనుబొమ్మలు, పెదవులు గుడ్డకి వచ్చేస్తాయి. ఆ చుక్కలు తేమవల్ల వచ్చినవే అయి ఉంటాయి, ఇంట్లో వాటిని పోగొట్టే మార్గం లేదు. పైగా కోనసీమ గాలిలో పెరుగుతాయి. వందేళ్ల మాట కూడా నమ్మకండి. గాజుపెట్టెల్లో పెట్టిన కిమోనో బొమ్మల్లో చాలా భాగం రెండో ప్రపంచయుద్ధం తర్వాత విదేశీయులకి జ్ఞాపికలుగా అమ్మినవి. పీఠం మీద ‘ఆక్యుపైడ్ జపాన్’ (యుద్ధం తర్వాత పరాయి సేనల అధీనంలో ఉన్న జపాన్) అని ఉంటే 1952కి ముందుది. అలాంటి ముద్ర చూపించలేనప్పుడు వయసుకి అదనంగా డబ్బు ఇవ్వకూడదు. ఇదే లెక్క మిగతా దేశాలకీ వర్తిస్తుంది. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949కి, 1990కి మధ్యది. తాబేలు గుర్తు ఉంటే జర్మనీలో సెల్యులాయిడ్ (తొలినాళ్ల ప్లాస్టిక్) బొమ్మలు చేసిన పాత కంపెనీది కావచ్చు.

బార్బీ మీద ఉన్న 1966 బొమ్మ తయారైన సంవత్సరం కాదు. ఆ శరీరం మోడల్ కాపీరైట్ తేదీ అది. అదే ముద్రతో ఆ తర్వాత దశాబ్దాల పాటు బొమ్మలు వచ్చాయి, 1990ల బొమ్మల మీద కూడా ఉంటుంది. బార్బీకి దేశదేశాల దుస్తులు వేసిన వరుస మొదలైందే 1980 ప్రాంతంలో. కాబట్టి ‘1966 నాటి చీర బార్బీ’ అన్నది కుదరని మాట. కావాలంటే మామూలు ధరకి తీసుకోండి. చెవుల చుట్టూ పచ్చగా ఉందేమో చూడండి. లోహపు కమ్మల వల్ల వినైల్ అనే ఆ మెత్తటి ప్లాస్టిక్‌లోకి చిలుము దిగుతుంది, అది పూర్తిగా పోదు. కమ్మలు తీసేసి విడిగా దాచుకోవడం మంచిది. కాళ్లు జిగటగా ఉన్నాయంటే ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం పైకి వస్తోందని అర్థం. అలాంటిదాన్ని ప్లాస్టిక్ కవర్లో కట్టిపెడితే ఇంకా పాడవుతుంది.

వాసన గురించి అడగడం చాలామందికి తోచదు గానీ, ఫోటోలో దొరకని సంగతి అక్కడే దొరుకుతుంది. ‘బొమ్మని ముక్కు దగ్గర పెట్టుకుని ఎలాంటి వాసన వస్తోందో చెప్పండి’ అని మొహమాటం లేకుండా అడగండి. ముక్కిన వాసన అంటే బట్టలోనో లోపలి దూదిలోనో బూజు ఉంది. 1940, 50ల నాటి గట్టి ప్లాస్టిక్ బొమ్మకి వెనిగర్ వాసన వస్తే ఆ ప్లాస్టిక్ లోపల్నుంచి విరిగిపోవడం మొదలైంది. దాన్నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి పక్కనున్న బొమ్మలకీ చేటు చేస్తుంది. అలాంటిది ఉచితంగా ఇచ్చినా షోకేసులో పెట్టకండి. బొటనవేలితో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన వచ్చిందంటే అది సెల్యులాయిడ్. సెల్యులాయిడ్ తయారీలో కర్పూరం కలుపుతారు కాబట్టి ఆ వాసన.

సెల్యులాయిడ్ గురించి మన ఇళ్లల్లో ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. అది చాలా తొందరగా అంటుకుంటుంది. కొలువులో పేరంటాళ్లు వచ్చి హారతి ఇస్తారు, మెట్ల ముందు దీపాలు పెడతాం. సెల్యులాయిడ్ బొమ్మని కొలువులో అసలు పెట్టకండి, పైమెట్టు మీద కూడా వద్దు. దారం పోగు కాల్చి పట్టా కాదా అని చూసే అలవాటున్నవాళ్లు కూడా, రాలిపడిన పోగుని బొమ్మకి దూరంగా తీసుకెళ్లే కాల్చాలి.

కొలువులో ఇంకో చిక్కు పసుపు. పేరంటాళ్లు ప్రేమతో బొమ్మ నుదుటన కుంకుమ పెడతారు, అక్షింతలు వేస్తారు. వినైల్ మీదా, బట్ట మీదా పసుపు మరక పడితే వదలదు. నేను పాత కాస్ట్యూమ్ డాల్స్‌ని పక్కన వేరే గాజుపెట్టెలో పెడతాను. పూజ అంతా మట్టి బొమ్మలకీ, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకీ జరుగుతుంది. మీ అమ్మగారికి ఇలా చెప్పి చూడండి, ఆవిడ కాదనరు.

ఇక తేమ. నా లెక్కలో మన ప్రాంతంలో నకిలీ బొమ్మ కన్నా పెద్ద శత్రువు ఇదే. వానలు మొదలైన దగ్గర్నుంచి కార్తీకం దాకా కాలువలు, చెరువులు, కొబ్బరితోటల మధ్య ఉన్న ఇళ్లల్లో బీరువాలోని చెప్పులు కూడా బూజు పడతాయి. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే బట్టకీ, జిగురుకీ, దూదికీ బూజు తప్పదు. కొన్ని వందల రూపాయలకి తేమ కొలిచే హైగ్రోమీటర్ దొరుకుతుంది, షోకేసు లోపల ఒకటి పెట్టండి. 50 శాతం చుట్టుపక్కల ఉంచగలిగితే చాలు. తలుపు అంచులకి రబ్బరు పట్టీ వేసిన గాజు షోకేసు, లోపల గిన్నెలో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు, ఇంతకు మించి ఖర్చు అక్కర్లేదు. రంగు మారే రకం కొనండి. నీలంరంగుది తేమ పీల్చుకుని గులాబీరంగుకి వస్తుంది. అందులో కోబాల్ట్ ఉంటుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో నారింజరంగుది మేలు. రంగు మారగానే ఓవెన్‌లో సన్నని వేడి మీద ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

షోకేసుని వానజల్లు కొట్టే గోడకి ఆనించకండి, వెనక చెయ్యి పట్టేంత సందు ఉంచండి. అటక మీద పెట్టొద్దు, వేసవిలో స్లాబు వేడికి ప్లాస్టిక్ వంగిపోతుంది. నేల మీద అట్టపెట్టెల్లోనూ వద్దు. 1986 ఆగస్టు వరదనీ, 2022 జూలై వరదనీ చూసిన లంకగ్రామాల వాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. కలరా ఉండలు వేయొద్దు, అవి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తాయి, జరీకీ మంచివి కావు. చుట్టి దాచేటప్పుడు గంజి లేని తెల్లని నూలుగుడ్డ వాడండి. గంజి ఉంటే రామబాణం పురుగులు వస్తాయి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా ముఖానికి అంటుతుంది.

శుభ్రం చేయడానికి నీళ్లు దాదాపు అక్కర్లేదు. మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో పైనుంచి కిందికి దుమ్ము దులపండి. మడతల్లో దుమ్ముంటే వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి దోమతెర ముక్క కట్టి, తక్కువ వేగంలో, బట్టకి తగలకుండా కాస్త ఎత్తులో పట్టుకోండి. పూసలూ తళుకులూ ఊడినా తెర దగ్గరే ఆగుతాయి. పాత రంగులు నీళ్లకి దిగిపోతాయి, ఎరుపు, నలుపు మరీ ఎక్కువ. కళ్లు మూసి తెరిచే బొమ్మల ముఖం మీద నీళ్లు పోయడం అస్సలు వద్దు. తల లోపలికి నీళ్లు దిగితే కంటి ఇనుప ఇరుసు తుప్పు పట్టి కళ్లు బిగుసుకుపోతాయి. పురుగు ఉందన్న అనుమానం ఉంటే, పూర్తిగా బట్టతో చేసిన బొమ్మనైతే పాలిథీన్ సంచిలో గాలి తీసి బిగించి, రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒకరోజు అలాగే వదిలేయాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. పూత ముఖాలకీ, ప్లాస్టిక్‌కీ, సెల్యులాయిడ్‌కీ ఈ పద్ధతి పనికిరాదు. వాటిని విడిపెట్టెలో ఉంచి, కింద తెల్లకాగితం పరచండి. కొన్నాళ్లకి కాగితం మీద పొడి రాలితే పీఠం చెక్కకి పుచ్చు ఉన్నట్టే.

చిరుగుల విషయంలో మనకి పక్కనే నరసాపురం ఉంది. అల్లికపని చేసే ఆడవాళ్ల చేతుల్లో ఎంత సన్నని లేసైనా తయారవుతుంది. విదేశీ బొమ్మల గౌన్లకీ, మేజోళ్లకీ ఉన్న లేసు చిరిగితే దానికి సరిపడేది అల్లించుకోవచ్చు. కానీ పాతది కత్తిరించి పారేయొద్దు. కొత్త లేసుని పైన రెండు మూడు కుట్లతో నిలబెట్టండి, ఎప్పుడు కావాలన్నా తీసేసేలా ఉండాలి. ఊడిన పాత ముక్క ఏదైనా సరే, చీటీ రాసి కవర్లో బొమ్మతోనే ఉంచండి.

కొనే పద్ధతి గురించి కొంచెం. డబ్బు తీసుకోవడానికి ఎప్పుడూ క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు, డబ్బు వెనక్కి ఇస్తామంటూ మిమ్మల్ని స్కాన్ చేయమన్నారంటే మీ డబ్బు పోతున్నట్టే. అడ్వాన్స్ పంపకముందు బొమ్మ చుట్టూ తిప్పుతూ వీడియో అడగండి, మెడ వెనకా, పీఠం అడుగూ, పాదాలూ అందులో ఉండాలి. పార్సిల్ విప్పేటప్పుడు మీరూ వీడియో తీసుకోండి. బబుల్ ర్యాప్ బొమ్మ ముఖానికి నేరుగా తగలకుండా మధ్యలో నూలుగుడ్డ చుట్టమనండి. విదేశీ సైట్ల మోజు ఇప్పుడే వద్దు. వాడిన వస్తువుల దిగుమతికి మన దగ్గర ఆంక్షలున్నాయి, సుంకం వేరే, కస్టమ్స్‌లో ఆగితే అదో పెద్ద టెన్షన్.

అలాగే కథలకి డబ్బు పెట్టకండి. ‘యానాం ఫ్రెంచి దొరల ఇంట్లోది’ అంటూ అమ్మకానికి పెడుతుంటారు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నమాట నిజమే, అంతమాత్రాన ఆ బొమ్మ ఫ్రాన్సుది అయిపోదు. పాత ఫ్రెంచి పింగాణీ తలలకి మెడ వెనక జుట్టు కింద చెక్కిన ముద్ర ఉంటుంది. విగ్గు అంచు కాస్త ఎత్తి ఫోటో తీయమనండి. ఎత్తడానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడే ఆపేయండి.

నిజానికి మంచి బొమ్మలు మన జిల్లాల్లోనే ఉన్నాయి. గల్ఫ్ నుంచి తెచ్చినవీ, ఢిల్లీ, కలకత్తా యాత్రల్లో కొన్నవీ, గోడ షోకేసుల్లో పదిలంగా ఉండిపోయాయి. ఇప్పుడు మండువా ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతుంటే అవన్నీ పాతసామాన్ల కొట్లకీ, అక్కడినుంచి ఆన్‌లైన్ ప్రకటనల్లోకీ వస్తున్నాయి. ‘పాత షోకేస్ బొమ్మలు’, ‘పెళ్లి బొమ్మలు’ అని తెలుగులో కూడా వెతకండి. ఇంటివాళ్లే అమ్ముతుంటే ఎవరు తెచ్చారు, ఎక్కడ కొన్నారు అని అడిగి, వాళ్లు చెప్పింది ఆ రోజే రాసుకోండి. రాజమండ్రి, భీమవరం, కాకినాడ లాంటి చోట్ల అయితే వెళ్లి చేత్తో పట్టుకుని, వాసన చూసి మరీ తెచ్చుకోవచ్చు.

ఇప్పటికి జపాన్ బొమ్మ వద్దనండి. బార్బీ మీ ఇష్టం, చెవులు శుభ్రంగా ఉండి ధర తగ్గిస్తేనే తీసుకోండి. పెళ్లిజంటకి మాత్రం కుచ్చిళ్ల లోపలి ఫోటో, భుజం సూది ఫోటో, పీఠం అడుగు ఫోటో, ఈ మూడూ తెప్పించి నాకు పంపండి. అవి చూశాక ఎంతవరకు పెట్టొచ్చో చెబుతాను. ఈలోగా ‘శుభ్రం చేసి పంపుతాం’ అని వాళ్లంటే, ఏమీ చేయొద్దు, ఉన్నది ఉన్నట్టే పంపండి అని ఇవాళే మెసేజ్ పెట్టండి.